రేడియో రొద: పుట్టుపూర్వోత్తరములు

రేడియో రిసీవరు చరిత్రలో మొదట వినవచ్చినది పాట కాదు, మాట కాదు, రొద. 1895వ సంవత్సరము మే 7వ తేదీన సెంట్ పీటర్స్‌బర్గ్ నగరమున అలెగ్జాండర్ పొపోవ్ అను రష్యను శాస్త్రజ్ఞుడు తన సాధనమును పండితసభలో ప్రదర్శించెను. దూరమున మెరుపు మెరసినప్పుడెల్ల అది గంట కొట్టి తెలియజేయుచుండెను. నాటికి ఆకసమున ప్రసార కేంద్రము ఒక్కటియు లేదు. పిడుగు పుట్టించు అలజడియే అందలి వార్త. తరువాత ప్రసారములు వచ్చినవి. వచ్చిన నాటినుండి ఆ అలజడియే మనకు శత్రువైనది. ఏది వినుటకై రిసీవరు పుట్టినదో, దానినే వినబడకుండ చేయుటకు నూరేండ్లకు పైగా శ్రమించుచున్నాము.

ఆ వద్దనుకొన్న ధ్వని యొక్క చరిత్రను, ముఖ్యముగా దాని మూలమును కనుగొనుటకు మనుష్యులు పడిన పాట్లను ఇచట చెప్పదలచితిమి. చెప్పుటకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతమును ఆధారముగా గైకొంటిమి. కారణము లేకపోలేదు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది పారు ఈ నల్లరేగడి సీమ ఏ పెద్ద ప్రసార కేంద్రమునకును చేరువ కాదు. నంద్యాలనుండి తిన్నగా కొలిచినచో హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు, విజయవాడ 260, మద్రాసు 330. ఇంత దూరము వచ్చిన అల బలము తగ్గి వచ్చును. కేంద్రము ప్రక్కన నివసించువానికి రొద కేవలము విసుగు. దూరమున నున్నవానికి వార్త అందుటయా, అందకపోవుటయా అను విషయమును ఆ రొదయే తేల్చును.

"మా రేడియో గోల చేయుచున్నది" అను ఫిర్యాదు, "ఒంట్లో బాగుండలేదు" అనుటవంటిది. దానినిబట్టి మందీయ వీలులేదు. నాడి చూడవలెను. రిసీవరు నాడి చూచుటకు మొదటి ఉపాయము ఏరియలు తీగను ఊడదీయుట. ఊడదీసినను రొద అట్లే యున్నచో వ్యాధి పెట్టె లోపలిది. ఆగిపోయినచో అది బయటినుండి తీగవెంట వచ్చినది. ఏరియలు పెట్టెలోనే ఇమిడియుండు చిన్న ట్రాన్సిస్టరులకు ఈ పరీక్ష పనికిరాదు గాని, ఔత్సాహికులు వాడు రిసీవర్లన్నిటికిని ఇది నేటికిని మొదటి మెట్టే. ఈ ఒక్క పని చేయక పెట్టె విప్పి, బాగుగానున్న భాగములను మార్చి, డబ్బు పోగొట్టుకొన్నవారు పెక్కుమంది.

లోపలి వ్యాధులకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క గొంతు కలదు. గుమ్మను మ్రోత కరెంటుది. మన విద్యుత్తు సెకనునకు 50 మారులు దిశ మార్చును. దానిని ఏకముఖముగా మార్చి నునుపుచేయు కండెన్సరు ఎండిపోయినచో, సాధారణముగా 100 కంపనముల మ్రోత పుట్టును. మ్రోత అంతకంటె మందరముగా, 50 కంపనములతో నున్నచో, సాధారణముగా కరెంటు తీగ ఏదో ధ్వనిమార్గమునకు మరీ చేరువగా పోయినదని అర్థము. సంగీతము నేర్చిన చెవి ఈ రెంటికిగల స్థాయిభేదమును వెంటనే పట్టును. వాల్యూము మర త్రిప్పునప్పుడు మాత్రమే గరగరలాడినచో దుమ్ము ఆ మరలోనే యున్నది. పెన్సిలు కొనతో ఒక్కొక్క వాల్వును మెల్లగా తట్టగా ఏదో ఒకటి గణగణమన్నచో, అది స్పీకరు అదరుటకు తాను అదరుచు ఊళవేయు వాల్వు. కరెంటు ఎరుగని పల్లెలలో బ్యాటరీ సెట్లకు వేరొక జబ్బు ఉండెడిది. బ్యాటరీ ముదిరినకొలది లోని నిరోధము పెరిగి, స్పీకరునుండి పడవయంత్రము వలె టుక్ టుక్ మను చప్పుడు బయలుదేరును. సెట్టు చెడినదని పట్టణమునకు మోసికొనిపోయినచో అచటి కొత్త బ్యాటరీపై అది చక్కగా పాడును. ఇంటికి తెచ్చిన మరల టుక్ టుక్. నేరము సెట్టుది కాదు, బ్యాటరీది.

ఇన్ని సరిచేసినను లోపల స్స్ మను సన్నని శబ్దము మిగులును. దీనిని పూర్తిగా పోగొట్టు మనుష్యుడు ఇంకను పుట్టలేదు, పుట్టబోడు. వాల్వులో విద్యుత్తు నీటిధార వలె గాక వడగండ్ల వలె కణములుగా పడుటచే ఈ శబ్దము కొంత పుట్టునని 1918లో జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ షాట్కీ చెప్పెను. ఏ నిరోధకమైనను, కేవలము వేడిగా నున్నందుననే రొద చేయునని 1928లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన జాన్సన్ కొలిచి చూపెను. నైక్విస్ట్ లెక్క కట్టి చూపెను. ఇద్దరును స్వీడనులో పుట్టినవారే. అది మొదలు "రొద లేని రిసీవరు" అను మాటకు అర్థము లేకపోయినది. ఎంత రొద అనివార్యము, ఎంత అనవసరము అనునదే ప్రశ్న.

ఇక బయటి రొద సంగతి. మన ప్రాంతపు కథ ఇచటనే మొదలగును.

కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలో భాగముగా నున్న కాలమున, 1924 మే 16వ తేదీన సి. వి. కృష్ణస్వామి చెట్టి మున్నగు ఔత్సాహికులు మద్రాసులో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించిరి. జూలై 31న ప్రసారములు ఆరంభమైనవి. మొదటి ప్రసారయంత్రము శక్తి 40 వాట్లు. పాతకాలపు చిన్న బల్బు ఒకటి వెలుగుటకు చాలును. 1927లో ధనము చాలక క్లబ్బు ప్రసారములు నిలిచిపోయినవి. 1930లో మద్రాసు కార్పొరేషను ఆ పని చేపట్టెను. ఆ శక్తితో వచ్చు పాట కుందూ లోయకు ఎట్లు చేరునో పాఠకులే ఊహింపవచ్చును.

అదే 1924వ సంవత్సరము అక్టోబరు 18న లండను శివారులోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి, 18 ఏండ్లవాడు, సెసిల్ గోయ్డర్ అనువాడు తన ఔత్సాహిక కేంద్రమునుండి న్యూజీలండులోని ఫ్రాంక్ బెల్ అను గొర్రెల పెంపకపుదారుతో సంకేతములలో మాటాడెను. ఆ రెండు దేశములమధ్య రేడియోపై ఇరువైపుల సంభాషణ జరుగుట అదే ప్రథమము. భూగోళపు ఆవలి అంచునుండి వచ్చు పలుచని ధ్వనిని రొదలోనుండి ఏరుకొన్న చెవులవి. ఈ గోయ్డరే 1936లో మన దేశమునకు ఆలిండియా రేడియో ప్రధాన ఇంజనీరుగా వచ్చెను.

వచ్చినవానికి ఎదురైన సమస్య మెరుపే. ఇంగ్లండున మధ్యమతరంగములతో దేశమెల్ల కప్పవచ్చును. ఇచట ఏప్రిలు, మే నెలల సాయంకాలముల మబ్బు పట్టగానే ఆ తరంగములు చిటపటలతో నిండిపోవును. మెరుపు విడుచు శక్తి తక్కువ పౌనఃపున్యములయందు మిక్కుటము. పౌనఃపున్యము పెరిగినకొలది అది పలుచబడును. రాత్రివేళ ఐనోస్ఫియరు అద్దమువలె పనిచేసి ఎచటెచటి ఉరుములనో తెచ్చి మన చెవిలో పోయును. కావున మధ్యమతరంగములపై దూరప్రాంతములను చేరవలెనన్న ఆ రొదను మించిన మహాశక్తి కావలెను. దానికి ధనము లేదు. నగరములకు మధ్యమతరంగములు, విశాల ప్రాంతములకు హ్రస్వతరంగములు అను పద్ధతి అందుచే అవలంబింపబడినది. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము తెరచినప్పుడు మధ్యమతరంగ యంత్రము పావు కిలోవాటు, హ్రస్వతరంగ యంత్రము 10 కిలోవాట్లు. ఈ రెండంకెలలోనే మన చరిత్ర యున్నది. పావు కిలోవాటు మద్రాసు నగరమునకు. పది కిలోవాట్లు మనవంటి దూరస్థులకు. నంద్యాల మిద్దెపై రెండు వెదురుగడలు నాటి తీగ లాగిన గృహస్థు హ్రస్వతరంగముల ముల్లు త్రిప్పుచుండెనన్న, దాని వెనుక ఉరుములపై జరిగిన ఈ ఆలోచన యంతయు కలదు.

ఇది మనకు మాత్రమే కలిగిన బాధ కాదు. ఉష్ణమండల దేశములన్నిటికిని ఈ చిక్కు ఉండుటచే, 1947లో అట్లాంటిక్ సిటీ మహాసభ కొన్ని హ్రస్వతరంగ శ్రేణులను ప్రత్యేకముగా ఆ దేశముల స్వదేశ ప్రసారములకు విడిచెను. పూనాలో ఎస్. వి. సి. అయ్య 1950 తరువాతి సంవత్సరములలో ఉష్ణమండలపు ఉరుముల రొదను శ్రద్ధగా కొలిచి, అది ప్రసారములకు ఎంత చెరుపుచేయునో లెక్కలు ప్రకటించెను. అట్లని హ్రస్వతరంగములు దోషము లేనివని చెప్పలేము. స్వరము ఉయ్యాలవలె హెచ్చుచు తగ్గుచు వచ్చును. చిటపట తగ్గినందుకు చెల్లించిన సుంకమది. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యైనను అచట ఆకాశవాణి కేంద్రము లేకుండెను. 1963లో కడప కేంద్రము వచ్చినప్పుడే, ఆళ్లగడ్డకు సుమారు 80 కిలోమీటర్ల దూరమున, నంద్యాలకు 120 కిలోమీటర్ల దూరమున ఒక చేరువ గొంతు ఏర్పడినది.

రొద ఎచటినుండి వచ్చుచున్నదని తెలిసికొనుట ఒక శాస్త్రమైన కథ వేరొకటి కలదు. బెల్ ప్రయోగశాలయే అట్లాంటిక్ మీదుగా జరుగు హ్రస్వతరంగ టెలిఫోనులోని రొద మూలమును కనుగొనుమని కార్ల్ జాన్‌స్కీ అను యువకుని నియోగించెను. అతడు ఫోర్డు కారు చక్రములపై పెద్ద ఏరియలును నిలిపి, 20 నిమిషముల కొక చుట్టు చొప్పున త్రిప్పుచు, నెలల తరబడి లెక్క వ్రాసెను. రొద మూడు విధములని తేలినది: సమీపపు ఉరుములు, దూరపు ఉరుములు, ఎడతెగని ఒక స్స్ శబ్దము. ఈ మూడవది మొదట సూర్యునితో కదలినట్లు తోచెను. కాని అది ప్రతి దినమును నాలుగేసి నిమిషములు ముందుగా వచ్చుచుండెను. 24 గంటలకు గాక 23 గంటల 56 నిమిషములకు మరల వచ్చునది సూర్యుడు కాదు, నక్షత్రమండలము. 1933లో జాన్‌స్కీ ఆ రొద పాలపుంత నడిమి భాగమైన ధనూరాశినుండి వచ్చుచున్నదని ప్రకటించెను. నాలుగు నిమిషముల తేడాను కొట్టివేయని లెక్కల పుస్తకము వలన రేడియో ఖగోళశాస్త్రము పుట్టినది. దానిని మొదట అందిపుచ్చుకొన్నది ఏ విశ్వవిద్యాలయమును కాదు. గ్రోట్ రీబర్ అను అమెరికను ఔత్సాహికుడు 1937లో తన ఇంటి పెరటిలో సుమారు తొమ్మిదిన్నర మీటర్ల వెడల్పుగల గిన్నె ఏరియలును సొంత డబ్బుతో కట్టుకొని, రెండు మారులు విఫలుడై, మూడవ మారు 160 మెగాహెర్ట్జ్ పై ఆ ధ్వనిని పట్టెను.

1942 ఫిబ్రవరి చివర ఇంగ్లండు రాడారులు పలుచోట్ల ఒక్కసారిగా రొదతో నిండెను. శత్రువు చేసిన పనియే యని అందరు తలచిరి. జె. ఎస్. హే అను శాస్త్రజ్ఞుడు రొద వచ్చిన దిక్కులను గంటలవారీగా పోల్చిచూడగా అవి సూర్యుని వెంబడి కదలినవి. శత్రువు సూర్యుడని తేలినది! జాన్‌స్కీ ఉపాయమే ఇది: రొదను నొక్కివేయుటకు ముందు, ఎప్పుడు వచ్చుచున్నది, ఏ దిక్కునుండి వచ్చుచున్నది అని అడుగుట.

మన పల్లెలలో ఈ ప్రశ్నకు ఒకప్పుడు సమాధానము సులభముగా నుండెను. కరెంటు లేని ఊర బ్యాటరీ సెట్టులో బయటి రొద వినబడినదన్న అది ఆకసముదే. ముంగారు వానలకు ముందు ఉరుము వినబడకమునుపే రేడియో చిటపటలాడును. అది విని కల్లములోని గింజలు కప్పుకొనవచ్చును. కరెంటుతోబాటు రెండవ రొద వచ్చెను. తీగలు మోయు పింగాణి పగిలినను, బోల్టు సడలినను, సన్నని సందులో నిప్పురవ్వ ఎడతెగక దుముకుచు, మైళ్ల దూరము బుయ్యిమను శబ్దమును వ్యాపింపజేయును. దీనికి ఒక మంచి గురుతు కలదు. వాన కురిసి తడిసినప్పుడు ఈ రొద సాధారణముగా అణగి, ఎండ కాయగానే మరల లేచును. వానలో పెరుగు రొద వేరు. అది అధిక వోల్టేజి తీగల చుట్టు గాలిలోనే జరుగు స్రావము. ఇక ఎర్తు సంగతి. నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చును. ఎర్తు కడ్డీ చుట్టు మన్ను ఎడమైపోవును. చలికాలమున చక్కగా పాడిన సెట్టు చైత్రమాసమున గుమ్మనుటకు ఒక్కొక్కప్పుడు ఇంతకంటె కారణముండదు. నాలుగు బిందెల నీళ్లు పోసిచూచి, తరువాత మెకానిక్కును పిలువవచ్చును.

మేము ఒక వేసవి దినమున నంద్యాలనుండి ఆళ్లగడ్డకు చేతిరేడియో ఒకటి పట్టుకొని, ముల్లును ఏ కేంద్రమును లేనిచోట నిలిపి, కేవలము రొదను వినుచు పోతిమి. చూచువారికి వింతగా తోచియుండును. నంద్యాల బజారులో అది నేరేటి గింజలు వేయించినట్లు ఎడతెగక చిటపటలాడెను. ఊరు దాటి పొలములలో పడగానే శాంతించెను. మార్గమునకు అడ్డముగా విద్యుత్తు తీగలు వచ్చిన చోటులలో కొన్నింట నిశ్శబ్దము, కొన్నింట బుయ్యిమను కేక. తీగలన్నియు దోషులు కావు, సడలిన కీలు గలదే దోషి. మోటారుసైకిలు దాటినప్పుడు టకటక వినబడెను. దాని వెనుకనే నేల అదరునట్లు డీసెలు లారీ పోయినను రేడియో ఉలుకలేదు. డీసెలు యంత్రమున నిప్పురవ్వ ప్లగ్గు ఉండదు. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ శిల్పుల పాకలు సమీపించగా రంపపు కోతవంటి ధ్వని రేడియోలో మొదలై, ఆగి, మరల మొదలాయెను. శిల్పి చేతనున్న రాతికోత యంత్రమునకు లోపల బొగ్గు బ్రష్షులు ఒరయుచు నిప్పురవ్వలు విడుచును. ఆ ప్రక్కనే వేరొక శిల్పి ఉలి, సుత్తి పట్టి విగ్రహపు కన్నులు తీర్చుచుండెను. ఉలి దెబ్బ మా చెవికి బాగుగా వినబడెను, రేడియోకు వినబడలేదు.

ఇట్టి వేటకు చేతిరేడియోయే దుర్బిణి. లోపలి ఫెర్రైటు కడ్డీ కొన రొద మూలమువైపు తిరిగినప్పుడు ధ్వని కనిష్ఠమగును. గరిష్ఠముకంటె కనిష్ఠమును పట్టుట తేలిక. అయితే మధ్యమతరంగములపై రొద తీగలవెంట బహుదూరము పారుటచే దిక్కు మోసపుచ్చవచ్చును. ఊరు తెలియుటకు మధ్యమతరంగములు, వీధి తెలియుటకు హ్రస్వతరంగములు, స్తంభము తెలియుటకు అంతకంటె హెచ్చు పౌనఃపున్యములు వాడవలెను. స్తంభము తెలిసినచో దాని సంఖ్య వ్రాసికొని విద్యుత్తు కార్యాలయమున చెప్పుట వరకే మన పని. స్తంభమును తట్టుట, స్టే తీగను ఊపుట కూడదు. దానివలన ప్రాణములు పోవును.

నేటి రొద స్తంభములనుండి కూడ దిగి ఇంటిలోనికి వచ్చినది. చౌకరకపు ఎల్‌ఇడి బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు కరెంటును సెకనునకు వేలకొలది, లక్షకొలది మారులు తెంచుచు పనిచేయును. ఆ తెంపుల రవము మధ్యమతరంగ శ్రేణినంతయు కప్పును. దానిని అణచు చిన్న ఫిల్టరు భాగములను ధర తగ్గించుటకై తీసివేసిన సరుకు అంగళ్లలో విరివిగా దొరకును. "కేంద్రము బలహీనపడినది, మునుపటివలె వినబడుట లేదు" అని చెప్పు శ్రోతలను మేము చాలమందిని చూచితిమి. బ్యాటరీపై రేడియో నడుపుచు, ఇంటి మెయిను స్విచ్చి ఒక్క నిమిషము ఆపిచూడవలసినదిగా కోరుచుంటిమి. పెక్కుచోట్ల పోయినదనుకొన్న కేంద్రము ఆ నిమిషముననే తిరిగి వచ్చెను. పిమ్మట ఒక్కొక్క స్విచ్చి వేయుచు పోగా దొంగ తానే దొరకును. కేంద్రముపై ముల్లు నిలిపినప్పుడే గుమ్మని, ప్రక్కకు జరుపగనే మాయమగు మ్రోత ఒకటి కలదు. కండెన్సరు చెడినదని దానిని పొరబడుదురు. అది గోడకు తగిలించి మరచిన చార్జరు చేయు చిలిపితనము.

హామ్ ఔత్సాహికులకు ఇది వినోదమునకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. హైదరాబాదులో 1983లో నెలకొన్న జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమానులకు పోయి పోర్ట్ బ్లెయిరునుండి ప్రపంచపు హాములతో మాటాడుచుండిరి. 1987 తరువాత ఆ ద్వీపములనుండి ఔత్సాహిక ప్రసారము అదే ప్రథమము. డిసెంబరు 26 ఉదయమున భూకంపమును, సునామీయు వచ్చి సాధారణ వార్తామార్గములు తెగిపోగా, ఆమె కేంద్రము క్షేమసమాచారములను చేరవేయు మార్గమైనది. అట్టి సమయమున ద్వీపమునుండి పంపువారి నైపుణ్యము సగమే. ఈవల ఒడ్డున వినువాని గదిలో బల్బు రొద ఆ సంకేతముకంటె బిగ్గరగా నున్నచో, పంపిన పేరు, ఊరు వానికి అందవు.

దోషములన్నియు తొలగించి, కరెంటు పోయిన నిర్మలమైన రాత్రి, పొలములో ఏరియలు కట్టి, 20 మెగాహెర్ట్జ్ దరిదాపుల ముల్లు నిలిపినచో ఏమి మిగులును? ఏరియలు ఊడదీసినప్పుడు కొంచెము తగ్గి, తగిలించినప్పుడు కొంచెము హెచ్చు ఆ స్స్ శబ్దము మిగులును. ఆ హెచ్చిన భాగములో జాన్‌స్కీ విన్నదియు కలదు. జూన్ మూడవ వారమున అర్ధరాత్రి వేళ ధనూరాశి నంద్యాలకు దక్షిణమున, దిగంతమునకును నడినెత్తికిని సరిగా సగము ఎత్తున నిలుచును. మరునాడు నాలుగు నిమిషములు ముందుగా.